వేడికి దారేది?

ధవళేశ్వరంలో మా మావయ్య ఇంటి అరుగు మీద సాయంత్రం పూట కూర్చుంటే బ్యారేజీ వైపు నుంచి గాలి చల్లగా తగులుతుంది. ఆ గాలిలో చెమ్మ ఉంటుంది. ఇక్కడ రాయబోయే వాదనలో ఆ చెమ్మకీ వాటా ఉంది, అందుకే ముందే చెబుతున్నాను.

మావయ్య ముప్పై ఏళ్ళ పైగా కాకినాడలో మరబోట్ల ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. మా తమ్ముడిది కడియపులంకలో మొక్కల వ్యాపారం. మూడేళ్ళ కిందట వాడొక చిన్న టర్బో కారు సెకండ్ హ్యాండులో కొన్నాడు. వెయ్యి సీసీ, మూడు సిలిండర్లు, అయిదు గేర్లు, బరువు టన్నుకి లోపే. దాన్ని రేసు ట్రాక్ మీద తిప్పడం కోసం ఒక్కొక్కటే మారుస్తూ వచ్చాడు. మావయ్యకి ఆ పని మొదటి నుంచీ గిట్టలేదు. మొన్న ఆదివారం ఇద్దరూ తాడోపేడో తేల్చుకుందామని కూర్చున్నారు. ట్రాక్‌కి మూడుసార్లూ వాడి వెంట వెళ్ళి, గట్టున నిలబడి ల్యాపుల లెక్క రాసింది నేనే గనక నన్నూ కూర్చోబెట్టారు. తమ్ముడి సంచిలో పాత పేపర్లో చుట్టిన నాలుగు బ్రేకు ప్యాడ్లు ఉన్నాయి. చాలాసేపటి దాకా వాటిని ఎవరూ విప్పలేదు.

మావయ్య: ఒరేయ్ అల్లుడూ, సూటిగా అడుగుతాను. నువ్వు రోజూ తిరిగే దారి కాలవ గట్టు. ఎదురుగా మొక్కల ట్రాక్టర్లు, గేదెలు, బడి పిల్లల సైకిళ్ళు. ఆ దారికి కంపెనీ వాడిచ్చిన వంద గుర్రాల బలం చాల్లేదా?

తమ్ముడు: రోడ్డుకి ఎక్కువే మావయ్యా. అందులో సగం కూడా వాడను. నేను మార్చింది రోడ్డు కోసం కాదు, ఇరుంగట్టుకోట్టై కోసం.

మావయ్య: అదీ చెప్పు. ఎక్కడో శ్రీపెరంబుదూరు పక్కన ఉన్న ట్రాక్ కోసం, ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు తోలుకుంటూ పోయి, అక్కడ గుండ్రంగా తిరిగి మళ్ళీ ఇంటికి రావడం.

తమ్ముడు: గుండ్రంగా కాదండీ, పన్నెండు మలుపులు. ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. 1990లో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు కట్టేదాకా అక్కడి వాళ్ళకీ ట్రాక్ లేదు. షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద పందేలు పెట్టుకునేవారు. మనవైపు నుంచి వెళ్ళాలంటే అంత దూరం తప్పదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ పందెం జరిగింది, చూసొచ్చాను. అది ఊరి రోడ్ల మీద కొన్నాళ్ళు గోడలు కట్టి జరిపిన పందెం. నాలాంటివాడు వెళ్ళి తిప్పుకునే చోటు కాదు. ట్రాక్ దూరమని మానేస్తే కుర్రాళ్ళు ఏం చేస్తున్నారో మీకు తెలుసు. రాత్రి పదకొండు దాటాక గోదావరి నాలుగో వంతెన మీద నిలబడి వినండి.

మావయ్య: ఆ మాట ఒప్పుకుంటాను. వంతెన మీద చేసే పని పాపం. కానీ దానికి విరుగుడు నువ్వు చేసినదేనా అన్నది నా ప్రశ్న.

ఇక్కడ కొంత పూర్వరంగం చెప్పాలి. మన దేశంలో చిన్న పెట్రోలు కార్లకి టర్బో తగిలించి అమ్మడం గత పదేళ్ళ పైచిలుకులో ఊపందుకుంది. 2013లో పోలో జీటీ టీఎస్ఐ 105 పీఎస్ బలంతో వచ్చింది. 2015లో అబార్త్ పుంటో 145 పీఎస్‌తో వచ్చింది. తర్వాత 2017లో బాలెనో ఆర్ఎస్, 2018లో టియాగో జేటీపీ, 2021లో ఐ20 ఎన్ లైన్, 2024లో ఆల్ట్రోజ్ రేసర్. వీటిలో కొన్ని ఇప్పుడు అమ్మకంలో లేవు. బాలెనో ఆర్ఎస్ 2020లో, పోలో 2022లో ఆగిపోయాయి. ఆగిపోయిన బండ్లే ఇప్పుడు మా తమ్ముడి వయసు కుర్రాళ్ళ చేతికి సెకండ్ హ్యాండులో వస్తున్నాయి. కొన్న మర్నాడే వాళ్ళందరికీ మొదట పుట్టే కోరిక ఒకటే: ఇంకాస్త బలం. తమ్ముడికీ అదే పుట్టింది.

మావయ్య: టర్బో నాకు కొత్త కాదురా. స్విట్జర్లాండు ఇంజనీరు బూషీ 1905లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. పొగగొట్టంలో ఊరికే పోయే వేడిగాలితో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసు మీది ఇంకో చక్రంతో ఇంజన్లోకి గాలి కుక్కడం. గొప్ప ఆలోచన. నేను పనిచేసిన బోట్లలో పెద్దవాటికి అదే ఉండేది. కానీ నా ఇంజను చుట్టూ దాన్ని చల్లార్చడానికి బంగాళాఖాతం ఉండేది. నీ దాని ముందున్నది జానెడు రేడియేటరు.

తమ్ముడు: ఆ జానెడు రేడియేటరు సంగతి నాకు రెండో ప్రయాణంలో తెలిసింది. మొదటిసారి బండి ఎలా కొన్నానో అలాగే తీసుకెళ్ళాను. తిరిగొచ్చాక రీమ్యాప్ చేయించాను. అంటే ఇంజన్ని నడిపే కంప్యూటర్‌లో లెక్కలు మార్చి, టర్బో ఒత్తిడి పెంచి, దానికి తగ్గట్టు పెట్రోలూ నిప్పురవ్వా సర్దడం. ల్యాప్‌టాప్ తగిలించి గంటలో చేసేశారు. ఇంటికొస్తుంటే దివాన్‌చెరువు దగ్గర మూడో గేరులో తొక్కితే వీపు సీటుకి అతుక్కుపోయింది. ఆ రోజు నా అంత సంతోషంగా ఎవరూ లేరు.

మావయ్య: తర్వాత?

తమ్ముడు: అక్కని అడగండి, పుస్తకం తన దగ్గరే ఉంది.

పుస్తకంలో ఉన్నది ఇది. రెండో ప్రయాణంలో, రీమ్యాప్‌తో, వాడి రెండో ల్యాపు అంతకు ముందుసారి కంటే ఒకటిన్నర సెకన్లు వేగంగా పూర్తయింది. నేను గట్టున ఎగిరి గంతేశాను. మూడోది కాస్త నెమ్మది. నాలుగోది ఇంకాస్త. ఆరో ల్యాపుకి వచ్చేసరికి, ఏ మార్పూ లేని పాత బండి ఆరో ల్యాపు కంటే వెనకబడ్డాడు. వాడు పాపం ముందు కంటే గట్టిగానే తోలుతున్నాడు, బండే ముడుచుకుపోయింది.

తమ్ముడు: గాలిని గట్టిగా కుక్కితే అది వేడెక్కుతుంది. సైకిలు పంపు అడుగు పట్టుకుని చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఆ వేడి గాలిని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ ఉంటుంది. మద్రాసు ఎండలో నాలుగు చుట్లు తిరిగేసరికి నా ఇంటర్‌కూలరే కాగిపోయింది. ఒత్తిడి అంతే ఉన్నా, ఇరవై డిగ్రీల గాలి కంటే అరవై డిగ్రీల గాలి నూటికి పన్నెండు వంతులు పలచన. అంటే ఎంత కుక్కినా సిలిండర్లోకి పోయే ప్రాణవాయువు తగ్గిపోతుంది. పైగా వేడి గాలికి ఇంజను నాకింగ్ కొడుతుంది, అంటే లోపలి మిశ్రమం తనంతట తానే పేలుతుంది. అది రాకుండా కంప్యూటరు తనంతట తానే నిప్పురవ్వని ఆలస్యం చేసి బలం కోసేస్తుంది. నేను డబ్బు పెట్టి కొన్న బలాన్ని బండి తన ప్రాణం కాపాడుకోవడానికి వెనక్కి ఇచ్చేసింది.

మావయ్య: వ్యవసాయం చేసిన ఇంట్లో పుట్టి ఇది ముందు తట్టలేదా నీకు? కాటన్ దొర 1852కల్లా ఇక్కడ ఆనకట్ట పూర్తి చేశాడు, కాలవల్లోకి నీళ్ళొచ్చాయి. మరి పొలంలోకి వచ్చిన నీరు పోయే దారి? మా నాన్న నీళ్ళ గురించి ఎన్నడూ బెంగపడలేదురా. తుల్యభాగ మురుగుకాలవ పూడుకుపోతుందేమోనని బెంగపడేవాడు. మురుగు దారి లేని చేనుకి ఇంకో తూము నీళ్ళు వదిలితే ఏమవుతుంది? నారు కుళ్ళుతుంది. నువ్వు చేసిన రీమ్యాప్ అదే.

తమ్ముడు: ఆయ్, ఒప్పుకుంటున్నాను. కానీ మావయ్యా, ఆ సంగతి మీ అరుగు మీద కూర్చుంటే నాకు తెలిసేది కాదు. ట్రాక్ మీదే తెలిసింది.

మావయ్య: బ్రేకు సంగతి కూడా అక్కడే తెలిసిందా? అదీ చెప్పు. మీ అమ్మకి చెప్పలేదట.

తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. ఆ రెండో ప్రయాణం రోజు నేను కూడా మాట్లాడలేకపోయాను. పొడుగాటి స్ట్రెయిట్ చివర వాడి బండి బ్రేకు లైట్లు వెలిగాయి, ఆరాయి, మళ్ళీ వెలిగాయి, మళ్ళీ ఆరాయి. మలుపు బయటి అంచుకి వెళ్ళి, మట్టిలోకి రెండు చక్రాలు దిగి, ఎలాగో పైకొచ్చింది. నా చేతిలో గడియారం ఆపడం మర్చిపోయాను. ఆ ల్యాపు గడి నా పుస్తకంలో ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

తమ్ముడు: కాలు కింద పెడలు మెత్తగా దిగిపోయింది మావయ్యా. రెండుసార్లు కొట్టి కొట్టి తొక్కితే మూడోసారి పట్టింది. తప్పు బండిది కాదు, నాదే. కొన్న నాటి నుంచి బ్రేకు ఆయిలు మార్చలేదు. ఇంజన్ మీద వేలకి వేలు పెట్టాను, సీసాడు బ్రేకు ఆయిలు కొనలేదు.

మావయ్య: లెక్క వేశావా, అక్కడ ఎంత వేడి పుడుతుందో?

తమ్ముడు: తర్వాత వేశాను. నాతో కలిపి బండి పదకొండు వందల కిలోలు అనుకోండి. నూట యాభైలో వస్తున్నదాన్ని డెబ్బైకి తెచ్చామంటే సుమారు ఏడున్నర లక్షల జూల్స్ ఎక్కడికో పోవాలి. రెండున్నర లీటర్ల కుళాయి నీళ్ళు మరిగిపోయే వేడి అది. నాలుగైదు సెకన్లలో పుడుతుంది. ఎక్కువ భాగం ముందు రెండు చక్రాల దగ్గరే. ఒక మలుపు అయ్యాక ఇంకో మలుపు, ఒక చుట్టు అయ్యాక ఇంకో చుట్టు.

మావయ్య: ఊఁ. ఆ వేడి డిస్కు నుంచి ప్యాడ్‌కి, ప్యాడ్ నుంచి పిస్టన్‌కి, అక్కడి నుంచి ఆయిలుకి ఎక్కుతుంది. ఆయిలు మరిగితే బుడగ. ద్రవం నొక్కుడుకి లొంగదు, బుడగ లొంగుతుంది. నీ కాలి బలమంతా ఆ బుడగ నొక్కడానికే సరి.

తమ్ముడు: అంతేనండి. దీంట్లో మనవైపు సంగతి ఇంకోటుంది. డాట్ 4 రకం ఆయిలు కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అదే నూటికి నాలుగు వంతుల లోపు నీళ్ళు పీల్చుకుందంటే చాలు, 155 డిగ్రీలకే మరగొచ్చు. ఆ ఆయిలు స్వభావమే చెమ్మని పీల్చుకోవడం. వానాకాలంలో మన వంటింట్లో ఉప్పు జాడీ ఎలా నీరు కారుతుందో చూడండి. కాలవల మధ్య, చెరువుల మధ్య, సముద్రపు గాలిలో మూడేళ్ళు తిరిగిన బండి అది. బెంగుళూరు వాడు రెండేళ్ళకోసారి మారిస్తే మనం ఏడాదికోసారి మార్చుకోవాలని నా లెక్క. ట్రాక్‌కి వెళ్ళే ముందు మాత్రం ప్రతిసారీ మార్చాలి.

మావయ్య: ఇది మాత్రం ట్రాక్‌కి పోని వాడికీ పనికొచ్చే మాట. మన వీధిలో ఎంతమంది బ్రేకు ఆయిలు మార్చారో అడుగు. ఒక్కడూ ఉండడు. మారేడుమిల్లి ఘాటు దిగేవాళ్ళు విని తీరాలి.

అంతవరకూ ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరూ కాసేపు ఒకే వైపు కూర్చున్నట్టు అనిపించింది. టైర్ల గాలి గురించి మాట వచ్చినప్పుడు మావయ్య కళ్ళు మెరిశాయి. చల్లగా ఉన్నప్పుడు ముప్పై రెండు పౌండ్లు పెట్టిన గాలి, టైరు ఎనభై డిగ్రీలకి కాగేసరికి నలభై దాకా పోతుందని, అప్పుడు టైరు ఉబ్బి నడి భాగమే నేలకి ఆని పట్టు వదిలేస్తుందని తమ్ముడు చెప్పాడు. అందుకని ట్రాక్ దిగగానే వేడి మీదే కొలిచి గాలి తీయాలి, మళ్ళీ ఇంటికి బయల్దేరే ముందు నింపాలి. ఆ ఒక్క పనికి అయిన ఖర్చు గాలి మీటరు ధర మాత్రమే. ల్యాపులో కనపడిన లాభం మాత్రం చాలా ఉంది.

ముందు చక్రాల పైభాగాన్ని పిసరంత లోపలికి వాల్చి అలైన్‌మెంట్ చేయించడం ఇంకో మార్పు. మలుపులో బండి పక్కకి ఒరిగినప్పుడు టైరు బయటి అంచు మీదే భారమంతా పడి అరిగిపోకుండా, తొక్కుడు భాగమంతా నేలకి ఆనుతుంది. ముందు చక్రాలతో లాగే బండికి ముక్కు బయటికి పోయే జబ్బు సహజం, అది కొంత తగ్గింది. బ్రేకు ప్యాడ్లు ట్రాక్ రకంవి వేశాడు. వాటి గురించే మళ్ళీ రగడ మొదలైంది.

మావయ్య: ఆ ప్యాడ్లు వేడెక్కితే గానీ పట్టవట కదా?

తమ్ముడు: చల్లగా ఉన్నప్పుడు పట్టు తక్కువే. మూడో ప్రయాణం నుంచి వచ్చిన మర్నాడు తెల్లారుగట్ల, వాటితోనే కడియం వెళ్తుంటే గేదె అడ్డొచ్చింది. ఆగింది గానీ, ఆగాల్సిన చోట ఆగలేదు. ఆ రోజే విప్పేసి రోడ్డు ప్యాడ్లు వేశాను.

మావయ్య: చూశావా, నువ్వే నా పక్షాన సాక్ష్యం చెబుతున్నావు. ట్రాక్‌కి మంచిదైనది రోడ్డుకి చెడ్డది. కంపెనీ వాడు బండిని ఒక ముక్కగా ఆలోచించి కడతాడు. క్లచ్చి ఇంత మోయాలి, గేరుబాక్సు ఇంత మోయాలి, బ్రేకు ఇంత ఆపాలి, అన్నీ ఒకదానికొకటి సరిపెట్టి. నువ్వు ఒకటి లాగితే తక్కినవన్నీ కదులుతాయి. చట్టం ఉన్నదీ అందుకే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదువు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్చకూడదని. ఆ రోడ్డు మీద నీ ఒక్కడి ప్రాణమే లేదు.

తమ్ముడు: ప్యాడ్లు, ఆయిలు, టైరు గాలి మార్చడం బండి రూపం మార్చడం కాదు మావయ్యా. అరిగిపోయే సామానే అది.

మావయ్య: ప్యాడ్లు సరే. రీమ్యాప్? ఆ పొగగొట్టం సంగతి?

తమ్ముడు: పొగగొట్టం అటక మీదే ఉంది, బిగించలేదు. అది పెట్టాలంటే పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయాలన్నారు. మా కొట్టుకి ఎదురుగా అంగన్‌వాడీ ఉంది. ఆ పొగ పిల్లల ముక్కులోకి వదలడానికి మనసొప్పలేదు. రీమ్యాప్ కూడా మూడో ప్రయాణానికి ముందే తీయించి పాత లెక్కలు పెట్టించాను. అక్కా, చదువు.

చదివాను. మూడో ప్రయాణంలో, కంపెనీ ఇచ్చిన బలంతోనే, కొత్త ఆయిలు, ప్యాడ్లు, టైరు గాలి, అలైన్‌మెంట్‌తో తిరిగిన ఆరు ల్యాపులు. వాటిలో ఏ ఒక్కటీ రెండో ప్రయాణంలోని ఆ గొప్ప రెండో ల్యాపుని అందుకోలేదు. కానీ మొదటి దానికీ ఆరో దానికీ మధ్య తేడా సెకను లోపే. ఖాళీ గడి ఉంది గనక మొత్తాలు పోల్చలేం. మిగిలిన అయిదింటినీ అయిదింటితో కూడితే మూడో ప్రయాణమే ముందుంది. ఆ రోజు ఉదయం ట్రాక్ మీద ఒక పెద్దాయన తమ్ముడి పక్కన కూర్చుని, బ్రేకు ఎక్కడ తొక్కాలో కాకుండా ఎక్కడ వదలాలో నేర్పారు. అందులో ఆ పాఠానికి వచ్చిన భాగం ఎంతో, సామానుకి వచ్చిన భాగం ఎంతో నేను విడదీసి చెప్పలేను. పాఠానిదే పెద్ద వాటా అని నా నమ్మకం.

మావయ్య: అయితే ఇంకేం? గొడవ తీరిపోయినట్టే. ఇలాగే ఉంచు.

తమ్ముడు: లేదు మావయ్యా. పెద్ద ఇంటర్‌కూలర్ తెప్పిస్తున్నాను. అది పెట్టాక మళ్ళీ రీమ్యాప్ చేయిస్తాను. మీరే అన్నారుగా, మురుగు దారి లేకుండా నీళ్ళు వదలకూడదని. ఇప్పుడు దారి తవ్వాను. తవ్వాక నీళ్ళు వదలడంలో తప్పేముంది?

మావయ్య: నా మాట నాకే తిప్పికొడుతున్నావు. తప్పుందిరా. ఆ నీళ్ళతో నువ్వు ఆరు వందల కిలోమీటర్లు జనం మధ్య నుంచి తోలుకుపోతావు. ట్రాక్ బండి కావాలంటే దానికి రిజిస్ట్రేషనే వద్దు, లారీ ఎక్కించి తీసుకెళ్ళు. లేదా ఈ బండిని రోడ్డు బండిగానే ఉంచి, ఉన్న బలంతోనే నేర్చుకో. ఒకే బండి రెండు పనులూ చేయాలంటే రెంటికీ చాలదు.

తమ్ముడు: లారీ కిరాయి పెట్టగలిగితే ఈ బండే కొననండీ. మొక్కలమ్ముకునేవాడికి ఒకటే బండి ఉంటుంది. ఉన్నదాన్నే రెంటికీ పనికొచ్చేలా, ప్రమాదం లేకుండా ఎలా చేసుకోవాలన్నదే నా పాట్లన్నీ. డబ్బున్నవాడికే ట్రాక్ అంటే మనవైపు కుర్రాళ్ళకి ఆ వంతెనే గతి.

ఈ దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. రోడ్డు మీద చట్టాన్ని దాటిన బండి తిరగకూడదన్న విషయంలో నాకు మావయ్య మాటే మాట. కానీ తమ్ముడి చివరి మాటకి మావయ్య దగ్గరా నా దగ్గరా జవాబు లేదు. సామాన్యుడు తన బండిని తీసుకెళ్ళి, పద్ధతి నేర్చుకుని, తప్పు చేసినా ఎవరికీ దెబ్బ తగలకుండా తిరిగి రాగల చోటు గోదావరి జిల్లాలకి దగ్గర్లో ఉండాలని మాత్రం మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

మావయ్య: సరే, ఆ సంచిలో ఏంటి?

తమ్ముడు: విప్పేసిన ట్రాక్ ప్యాడ్లు. ఇంకోసారికి వస్తాయేమో చూస్తారని తెచ్చాను.

మావయ్య లోపలికి వెళ్ళి వెర్నియర్ తెచ్చుకున్నారు. పేపరు విప్పి నాలుగింటినీ అరుగు మీద వరసగా పేర్చారు. ప్రతి ఒక్కటీ మూడు చోట్ల కొలిచి, నా పుస్తకం వెనక అట్ట మీద నా చేతే రాయించారు. కుడి చక్రం జత: లోపలిది 7.1, బయటిది 7.4 మిల్లీమీటర్లు. ఎడమ చక్రం జత: లోపలిది 5.2, బయటిది 8.6.

మావయ్య: ఇవి చూశావా నువ్వు?

తమ్ముడు: అరిగాయని చూశాను. ఒక్కొక్కటీ విడిగా కొలవలేదు.

మావయ్య: కుడి పక్క రెండూ ఇంచుమించు సమానం. ఎడమ పక్క లోపలిది ఒక్కటే చాకిరీ చేసింది. అంటే క్యాలిపర్ జరగడం లేదు, దాని పిన్ను పట్టేసింది. పిస్టన్ లోపలి ప్యాడ్‌ని నొక్కుతోంది, బయటిదాన్ని లాక్కురావాల్సిన క్యాలిపర్ కదలడం లేదు. ఒక చక్రం సగం బ్రేకుతో తిరిగావు నువ్వు. అక్కడ సెకన్లు లెక్కపెట్టుకున్నారు మీరిద్దరూ. ఇప్పుడున్న రోడ్డు ప్యాడ్లూ ఆ పిన్ను మీదే ఉన్నాయి కదా?

తమ్ముడు: ఆయ్... అక్కడే ఉన్నాయి.

మావయ్య: ఇంటర్‌కూలర్ సంగతి తర్వాత మాట్లాడదాం. రాత్రికి ఈ బండి కడియం వెళ్ళదు. జాకీ తియ్యి. అమ్మాయ్, లోపల గూట్లో టార్చి ఉంటుంది, పట్రా.